దాపటి గిత్త పాలపన్ను

బండలాగుడు పందేలు నేను చూసింది జీవితంలో ఒక్కసారే. ఆ ఒక్కసారీ మా గిత్తలు బండ లాగలేదు.

ఇవాళ పొద్దున మా అమ్మాయికి మొదటి పన్ను ఊడింది. పెరుగన్నం తింటున్నది కాస్తా ఆగి, నోట్లోంచి మెతుకులాంటిది తీసి అరచేతిలో పెట్టుకుని చూసుకుంది. "అమ్మా, వాకెల్‌ట్సాన్ పోయింది," అని చెప్పి మళ్ళీ తినడం మొదలుపెట్టింది. కదిలే పన్నుని ఇక్కడి జర్మన్ పిల్లలు అలా అంటారు. తను వెళ్ళే చిన్నపిల్లల బడిలో, అంటే కీటాలో, ఇక పెద్దబడికి పోబోయే పిల్లల జట్టుకి కూడా అదే పేరు. పళ్ళు కదిలే వయసు వచ్చిందంటే బడి వయసు వచ్చినట్టే అని ఇక్కడివాళ్ళ లెక్క.

పన్ను కడిగి చిన్న స్టీలు డబ్బాలో పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎదురుగా కనిపించే మైదానంలో ఏటా వేసవిలో జాతర లాంటిది జరిగేది. రంగులరాట్నం, వేయించిన బాదం పప్పుల వాసన, బాజాలు. మహమ్మారి వచ్చినప్పటి నుంచీ అదేమీ లేదు. ఇప్పుడక్కడ ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసే తెల్ల గుడారం ఒకటి ఉంది. చేతిలో పాలపన్ను, ఎదురుగా ఖాళీ తిరునాళ్ళ మైదానం. దాపటి గిత్త గుర్తుకొచ్చింది. రోజంతా వదల్లేదు. అందరూ పడుకున్నాక ఇది రాయడానికి కూర్చున్నాను, ఎందుకంటే రేపు పొద్దున పెద్దబడిలో మాతో మాట్లాడటానికి టెర్మిన్ ఇచ్చారు. మా అమ్మాయి వేసవి చివర్లో పుట్టింది కాబట్టి ఈ ఏడే బడికి పంపాలా, ఇంకో ఏడాది ఆగాలా అన్నది మా ఇష్టానికే వదిలేశారు. రేపు ఏదో ఒకటి చెప్పాలి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళుంటాయి. చెల్లి పుట్టబోతోందని ఆ వేసవి నన్ను మా మేనత్త దగ్గరికి పంపారు. అత్తకి పిల్లల్లేరు. గిత్తలున్నాయి. రెండూ తెల్లవి, మోపురాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. కాడికి కుడివైపు కట్టేదాన్ని ఎలపటి గిత్త అనీ, ఎడమవైపు కట్టేదాన్ని దాపటి గిత్త అనీ అనేవాళ్ళు. వాటికి వేరే పేర్లు పెట్టలేదు. ఎలపటిది ఎవరు పిలిచినా వచ్చేది. దాపటిది అత్త పిలిస్తేనే వచ్చేది, అదీ కాసేపు ఆలోచించుకుని.

ఆ ఇంట్లో మనుషుల వంట కంటే ముందు గిత్తల వంట అయ్యేది. నిద్రలేచేసరికి ఉడుకుతున్న ఉలవల వాసన ఇల్లంతా నిండి ఉండేది. నానబెట్టిన పత్తిగింజలు రోట్లో రుబ్బితే పాలలాంటివి కారేవి. తవుడు, బెల్లం, కోడిగుడ్లు, వాటి మీద నువ్వుల నూనె. ఒక జాడీలో ఖర్జూరాలు ఉండేవి, అవీ గిత్తలకే. అత్త నీళ్ళకి వెళ్ళినప్పుడు నేను ఆ జాడీలో చెయ్యి పెట్టేదాన్ని. ఒకరోజు ఖర్జూరం గింజలు గడ్డివామి వెనక దాచిపెట్టి దొరికిపోయాను. అత్త కొట్టలేదు. నా భుజాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమే కోడలు పిల్లా, గిత్తల తిండి తిన్నావుగా, ఇహ నిన్ను గూడా పందెంలో కడతా. ఏదీ, నోరు తెరువు, ఏ విభాగంలోకి వస్తావో చూద్దాం," అంది. నేను నోరు తెరిస్తే నిజంగానే పళ్ళు లెక్కబెట్టింది.

పళ్ళే వాటి వయసు. పాలపళ్ళు ఊడకుండా ఉన్న గిత్తలది ఒక విభాగం. ముందరి పాలపళ్ళు ఊడి రెండు పెద్దపళ్ళు వచ్చేవి రెండు పళ్ళ విభాగం, ఆపైన నాలుగు, ఆరు. విభాగం మారిందంటే బండ బరువు మారుతుంది. జతలో ఒక్కదానికి పన్ను ఊడినా ఆ జతంతా పై విభాగానికి పోవలసిందే. మా గిత్తలు ఆ వేసవిలో పాలపళ్ళ విభాగంలో లాగాలి. మామ ఏడాదిగా దానికోసమే బతికాడు. తెల్లవారకముందే చిన్న బండకి కట్టి చేలో తిప్పేవాడు. సాయంత్రాలు వీధి అరుగు మీద మగవాళ్ళు చేరి సంబంధాలు మాట్లాడినట్టు గిత్తల గురించి మాట్లాడేవాళ్ళు. ఫలానా ఊరి జత నడక బాగుంటుంది గానీ మలుపు దగ్గర బుద్ధి చాలదని, ఫలానా వాళ్ళది మంచి వంశమే గానీ కోపమెక్కువని. వాళ్ళలో ట్రాక్టరున్న ఆయన ఒకడు, మామకి చిన్ననాటి స్నేహితుడు. మా గిత్తలకి మొదటి బహుమతి ఎప్పుడో ఇచ్చేసి, ఊరేగింపు ఏ వీధిలోంచి రావాలో కూడా చెప్పేస్తుండేవాడు.

పందేలు జరిగే తిరునాళ్ళకి ముందురోజు గిత్తలకి నీళ్ళు పోసి, కొమ్ములకి నూనె రాసి, మువ్వల పట్టెడలు కట్టి లారీ ఎక్కించారు. మేము వెనక ట్రాక్టరులో. పందేల ఊరికి చేరగానే అత్త మొదట చేసిన పని దాపటి గిత్త కింది పెదవి లాగి చూడటం. దారిలో అది నాలుక అదేపనిగా బయటపెట్టడం ఆమె గమనించింది. ముందరి పన్ను కదులుతోంది. మామని పిలిచి చూపించింది. మామ చూసి, "ఊడలేదుగా," అని మాత్రం అన్నాడు.

పొద్దున ఉలవలు పెడితే ఎలపటిది తొట్టి నాకేసింది. దాపటిది మూతి పెట్టి తీసేసింది. తొట్టి కడగమని నాకిచ్చారు. అడుగున తవుడులో గట్టిగా ఏదో తగిలింది. రాయేమో అనుకున్నాను. కడిగితే పన్ను. నా చిటికెన వేలి కొసంత ఉంది, చివర కాస్త అరిగి, పలచగా. పరిగెత్తుకెళ్ళి అత్త చేతిలో పెట్టాను. మామ చూశాడు. ఎవరో చచ్చిపోయిన కబురు విన్నట్టు అక్కడే గడ్డి మీద కూర్చున్నాడు.

ట్రాక్టరాయన మాత్రం కూర్చోలేదు. ఊడింది ఒక్కటే కదా, పళ్ళు చూసే పెద్దాయన తెలిసినవాడే, పైపైన చూసి వదిలేయమని తను చెప్తానన్నాడు. అత్త అతని వైపు చూడను కూడా చూడలేదు. పన్నుని కొంగుకి ముడేసుకుని నేరుగా ఆ పెద్దాయన దగ్గరకి వెళ్ళి, తానే గిత్త నోరు తెరిచి చూపించింది. ఆయన విచారించి, ఇంకో దారి చెప్పాడు. రెండు పళ్ళ విభాగంలో ఒక జత రాలేదట. కావాలంటే అందులో కట్టండి, సాయంత్రం దాకా టైముంది అన్నాడు.

ఆ పూటంతా మా గుడారం దగ్గర అదే మాట. మామ లోలోపల కట్టాలనే ఉన్నాడు. కొత్త తలపాగా కొన్నాడు. చుట్టాలు రెండు ట్రాక్టర్ల నిండా వచ్చారు. మా గిత్తల బలం రెండు పళ్ళ గిత్తలకేం తీసిపోదని ట్రాక్టరాయన చుట్టూ జనాన్ని పోగుచేసి చెప్తున్నాడు. తిరిగి ఇంటికి తోలుకుపోతే ఏడాది తిండి దండగ అన్నాడు. అత్త ఒక్కటే అడిగింది, బండ కదలకపోతే ఏం చేస్తారని. దాని జవాబు అక్కడ అందరికీ తెలుసు. మోయలేని బండకి కట్టినప్పుడు గిత్త ఒకసారి కూలబడిందంటే, తర్వాత ఎంత తిండి పెట్టినా దాని కళ్ళలోంచి ఆ బండ పోదు. కాడి చూస్తేనే వణుకుతుంది. అలాంటివాటిని తర్వాత బండ్లకి కూడా ఎవరూ కొనరు.

చివరికి అత్త ఒక ఒప్పందం చెప్పింది. బరిలోకి తీసుకెళ్దాం. కాడి ఎత్తి పట్టుకుని పిలుద్దాం. రెండూ వాటంతట అవి వచ్చి మెడ పెడితే కడదాం, లేదంటే లేదు.

బరి అంటే దున్ని నీళ్ళు చల్లిన పొడవాటి మట్టి బాట. రెండు చివర్లా జెండాలు. మధ్యలో పలక లాంటి పెద్ద నల్లరాయి, దానికి ఇనప కడియం, గొలుసు. ఇరువైపులా ట్రాలీల మీద, చెట్ల మీద, గోడల మీద జనం. మిరపకాయ బజ్జీల నూనె వాసన, పేడ వాసన, గోలీసోడాల చప్పుడు. నన్ను ఎవరో ట్రాలీ మీదకి ఎత్తి నిలబెట్టారు. మైకులో మామ ఊరు పేరు చదివారు. మామ కొత్త తలపాగా చుట్టుకుని వెళ్ళాడు. అతని వెనక అత్త. అంత మంది మగవాళ్ళ మధ్య ఆ బరిలో ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే.

కాడి ఎత్తారు. ఎలపటి గిత్త రెండడుగులు వేసి మెడ కింద పెట్టేసింది. దాపటిది వచ్చింది, కాడి వాసన చూసింది, ఊడిన పన్ను చోట నాలుకతో నాకింది. తల పైకెత్తి వెనక్కి ఒక అడుగు వేసింది. మామ పిలిచాడు, అత్తా పిలిచింది. కదల్లేదు. ట్రాలీల మీద నవ్వులు మొదలయ్యాయి. మైకాయన, దాపటి గిత్తగారు ఇవాళ సెలవు పెట్టారని అన్నాడు. నవ్వులు ఎక్కువయ్యాయి. మామ చెవులు ఎర్రబడటం నాకు అంత దూరం నుంచీ కనిపించింది. అతని చెయ్యి నడుముకి చుట్టుకున్న చర్నాకోల మీదకి పోయింది.

అత్త ఆ చర్నాకోల చివర పట్టుకుంది.

"మెడ మనం పెట్టిచ్చేది గాదయ్యా. అది పెట్టాల," అంది.

మామ ఆమె వైపు చూశాడు. కాడి పట్టుకున్న మనిషి దించాలా వద్దా అని చూస్తున్నాడు. అత్త ముకుతాడు అందుకుని దాపటి గిత్తని వెనక్కి తిప్పింది. మైకాయన ఊరుకోలేదు. "ఏమ్మా, ఇంతదూరం తోలుకొచ్చి బండని వదిలేసి పోతున్నావా," అన్నాడు. ఆమె నడక ఆపకుండానే, మైకు అక్కర్లేనంత గట్టిగా చెప్పింది.

"బండ యాడికి పోద్దయ్యా. వచ్చే ఏడు గూడా ఇక్కణ్ణే ఉంటది."

మా చుట్టాలు సగం మంది ఆ మాట వినగానే ట్రాలీలు దిగి వెళ్ళిపోయారు. మామ వెంటనే ఇంటికి పోదామన్నాడు. అత్త ఒప్పుకోలేదు. వచ్చాం కాబట్టి పందెం చూసే పోదామంది. నాకు బజ్జీలు కొనిచ్చి, జీళ్ళు కొనిచ్చి, ముందు వరసలో నిలబడింది. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఆమెని చూసి ఏదో ఒకటి అని నవ్వుతూనే ఉన్నారు. గిత్తకి పిప్పిపన్నా అని ఒకాయన, గిత్తకి పెళ్ళిచూపులు ముగిశాయా అని ఒకాయన. ఆమె బజ్జీ తింటూ బరి వైపే చూస్తోంది.

మా తర్వాత మూడో జతో నాలుగో జతో, సన్నటి గిత్తలు, మావాటి కంటే కాస్తే పెద్దవి. కట్టారు. బండ కొంచెం కదిలి ఆగిపోయింది. చర్నాకోల చప్పుడు, ఈలలు, డప్పులు. ముందుకాళ్ళు రెండూ మట్టిలో దిగబడిపోయి అందులో ఒకటి మోకాళ్ళ మీద కూలబడింది. తోక మెలిపెట్టారు. లేవలేదు. దాని నోటి నుంచి నురగ తీగలా సాగి మట్టి మీద పడుతోంది. జనం అరుపులు నెమ్మదిగా తగ్గిపోయాయి. అత్త బజ్జీ తినడం ఆపింది. మామ వైపు తిరగలేదు. తిరిగింది మామే.

ఇంటికి వచ్చే దారంతా ఆయన మాట్లాడలేదు. మరునాడు నేను లేచేసరికి పొయ్యి దగ్గర అత్త లేదు, మామ ఉన్నాడు. ఉలవలు మామూలు కంటే మెత్తగా ఉడికించి, వేళ్ళతో నలిపి, దాపటి గిత్త నోటికి ముద్దలు చేసి పెడుతున్నాడు. అత్త కొంగు ముడి విప్పి పన్ను తీసింది. మా ఊళ్ళో పిల్లల పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి మీదకి విసిరేవాళ్ళు, కొత్త పన్ను గట్టిగా రావాలని. గిత్త పన్నుకీ అలాగే చేసింది. పేడముద్ద నా చేతికిచ్చి విసరమంది. నేను విసిరితే చూరుకి తగిలి నా నెత్తి మీదే పడింది. మామ ఆ రోజు మొదటిసారి నవ్వాడు. రెండోసారి విసిరాను. పెంకుల మీద నిలిచింది.

మరుసటి వేసవి నేను వెళ్ళలేదు. ఆ తర్వాత చదువులు, హాస్టళ్ళు. మరుసటేడు మా గిత్తలు రెండు పళ్ళ విభాగంలో మూడో బహుమతి తెచ్చాయని ఫోనులో విన్నాను. బహుమతిగా వచ్చిన గోడగడియారం ఇప్పటికీ అత్త ఇంట్లో ఉంది, నడవదు. గిత్తలు పోయాయి, మామా పోయాడు, గొడ్లచావిడి చోట ఇప్పుడు సిమెంటు గచ్చు, దాని మీద ఎవరిదో కారు. ఉలవల వాసన నాకు మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

మా అమ్మాయి సంగతికి వస్తాను. కీటా మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు. తెరిచినప్పుడు టీచర్లందరూ మాస్కుల వెనక. జర్మన్ నేర్చుకోవలసిన వయసులో అది రెండేళ్ళు మూతులు చూడలేదు. బడికి ముందు జరిపే పరీక్షకి తీసుకెళ్తే డాక్టరమ్మ మాస్కు మీద ప్లాస్టిక్ తెర కూడా పెట్టుకుని ఉంది. ఎన్ని ప్రశ్నలడిగినా ఇది నోరు విప్పలేదు. ఇంటికొచ్చి మెట్ల మీదే అన్ని జవాబులూ నాకు చెప్పింది, తెలుగులోనూ జర్మన్‌లోనూ. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. పంపితే తరగతిలో నోరు విప్పకుండా కూర్చుంటుందేమో. పంపకపోతే వెనకబడిపోతుందేమో. పాలప్యాకెట్లు సబ్బుతో కడిగిన రోజుల్లో కూడా ఇంత భయపడలేదు.

మా ఆయన కార్ల కంపెనీలో పనిచేస్తారు. ఆయనది హైదరాబాదు. మా వైపు వాళ్ళూ ఆయన వైపు వాళ్ళూ ఫోనులో అనేది ఒకటే, ఏడాది వృథా చేస్తారా అని. ఆయనా అదే మాట. "అందరు పిల్లలు పోతున్నరు. మనం ఒక ఇయర్ వేస్ట్ చేసుడెందుకు?" కొలీగు వాళ్ళమ్మాయి వాడి వదిలేసిన బడిసంచీ ఒకటి ముందే తెచ్చి హాల్లో పెట్టారు. ఇక్కడి బడిసంచులు పెట్టెల్లా ఉంటాయి, పిల్లల కంటే పెద్దవి.

మధ్యాహ్నం ఆయనకి దాపటి గిత్త కథంతా చెప్పాను. ఓపిగ్గానే విన్నారు. "మన పాపను గిత్తతోని పోలుస్తున్నవా?" అన్నారు చివరికి. లేదు, అత్తే గిత్తని పిల్లతో పోల్చింది అన్నాను. ఆయన నవ్వారు గానీ మాట మార్చుకోలేదు.

అప్పుడు అత్తకి వీడియో కాల్ చేశాను. నిజం చెప్పాలంటే ఆ బండ మాట ఆమె నోట మళ్ళీ వినాలని చేశాను. ఆమె ముందు పిల్లని దగ్గరికి రమ్మని, నోరు తెరవమని, కింది పన్నా పైపన్నా అని చూసింది. మా అమ్మాయి కెమెరాలోకి నోరు పెట్టేసింది. తిండి తింటోందా అని అడిగింది. తింటోందన్నాను. రేపటి సంగతి, ఇళ్ళ వాళ్ళ మాటలు, నా భయాలు అన్నీ ఏకరువు పెట్టాను. ఆమె బండ ఊసే ఎత్తలేదు.

"అది సరే. పిల్ల ఏమంటంది?" అంది.

పిల్లని ఎవరం అడగలేదు.

ఫోను పెట్టేసి, సంచీ దాని ముందు పెట్టి, ఇది నీకే, వేసుకుంటావా అని అడిగాను. బలవంతం లేకుండా, మామూలుగా. మా ఆయన సోఫాలోంచి చూస్తున్నారు. మా అమ్మాయి జిప్పు తీసి లోపల చూసింది. తన కుందేలు బొమ్మని అందులో కూర్చోబెట్టి, జిప్పు వేసి, సంచీని బల్ల కిందకి తోసేసింది. బడికి ఎప్పుడు వెళ్తావని అడిగితే, వాళ్ళ నాన్న యాసలోనే చెప్పింది.

"టీచర్లు మాస్కులు తీసినాక పోతా. అప్పుడైతే వాళ్ళు ఏమంటున్నరో కనిపిస్తది."

ఆయన లేచి వచ్చి, వంగి బల్ల కిందకి చూసి, కుందేలుకి గాలి ఆడాలి కదా అని జిప్పు కొంచెం తెరిచారు. రేపు టెర్మిన్‌లో నువ్వే మాట్లాడు అన్నారు. తనకింకా వేస్టే అనిపిస్తోందని కూడా అన్నారు. అననీ. మామ కూడా దారంతా మాట్లాడలేదు.

రేపు బడి పెద్దావిడతో ఈ ఏడు పంపడం లేదని చెప్తాను. ఎందుకని అడుగుతుంది. జవాబు జర్మన్‌లో తయారుచేసుకున్నాను. నా జర్మన్‌లో ఎప్పుడూ ఎక్కడో ఒక తప్పు దొర్లుతుంది, ఇవాళ దాని గురించి ఆలోచించడం లేదు. బడి ఎక్కడికీ పోదండీ, వచ్చే ఏడు కూడా ఇక్కడే ఉంటుంది, అంతే. ఏడాదంతా ఏం చేస్తానో కూడా తెలుసు. కింది అంతస్తులో ఉండే ముసలావిడ, తోటలో దూరంగా కూర్చుంటే మాస్కు లేకుండా కథలు చదివి వినిపిస్తానని ఎప్పుడో అంది. మొహమాటపడి వద్దన్నాను. రేపు వెళ్ళి తలుపు తడతాను.

ఇంకో పని ఉంది. స్టీలు డబ్బాలో పన్ను ఉంది. ఇక్కడ దిండు కింద పెడితే దేవత వచ్చి తీసుకెళ్తుందంటారు. మాకు దేవత వద్దు. పేడ దొరకదు కాబట్టి కరివేపాకు కుండీలోని మట్టి తడిపి ముద్ద చేస్తాను. పై అటక కిటికీ తెరిస్తే పెంకులు చేతికందేంత దగ్గర. బడిలో మాట్లాడి వచ్చాక పిల్లని పైకి తీసుకెళ్ళి దాని చేతే విసిరిస్తాను. ఈ ఊరి పెంకులు బాగా వాలుగా ఉంటాయి, ముద్ద జారి కింద పడొచ్చు.

పడితే వెతికి తెచ్చి మళ్ళీ విసురుతాం.